ఏ బరువూ ఎత్తకుండా ఉభాల్లో నడుం ఎందుకు పోతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 52 ఏళ్ళు, 50 కేజీల మనిషి, రణస్థలం దగ్గర పల్లె, ఏటా ఉభాలు (వరి నాట్లు) మొదలై వారం తిరక్కుండా నడుం పట్టేసి రాత్రిళ్ళు పక్క కూడా మారలేకపోతున్నారు, చేతిలో ఉండేదంతా చూస్తే 2 కేజీల ఆకు కట్ట, అంటే నారు కట్ట. నువ్వేమో విజయనగరంలో రూం తీసుకుని జిమ్ముకెళ్తున్నావ్, 80 కేజీల డెడ్‌లిఫ్ట్ (వంగి నేల మీదున్న బారుని నిలబడేదాకా లేపడం) చేసొచ్చి హాయిగా పడుకుంటున్నావ్. బరువు లేని చోట నొప్పేటి, బరువున్న చోట నొప్పి లేకపోవడమేటి అని అడిగావ్. పైగా ఎవరో డాక్టరుగారు "వంగడం మానేయండి, ఏ పనైనా మోకాళ్ళు మడిచి చెయ్యండి" అన్నారట. మోకాల్లోతు బురదలో మోకాళ్ళు మడిచి ఉభాలు ఎలా వేస్తారో ఆయన్నే ఒక గంట మడిలోకి దింపి చూపించమనాలి.

నేను ఫిజియోథెరపీలో 19 ఏళ్ళుగా ఉన్నాను, మాది నెల్లిమర్ల వైపు. జూట్ మిల్లుల్లో బేళ్ళు మోసినవాళ్ళు, పలాసలో రోజంతా కింద కూర్చుని జీడిపిక్కలు కొట్టేవాళ్ళు, ఉద్దానంలో కొబ్బరి చెట్లెక్కేవాళ్ళు, ఉభాల ఆడాళ్ళు, ఈమధ్య కొత్తగా లాప్‌టాప్ ముందు కూర్చునే పిల్లలు, అందరి నడుములూ చూశాను. సగం మంది వచ్చి కూర్చుని మొదట అనే మాట ఒక్కటే, "నానేటి బరువెత్తినాను బాబూ, ఉత్తినే వొంగినాను". నీ ప్రశ్న కూడా అదే, కాకపోతే కొంచెం చదువుకున్న భాషలో అడిగావ్.

నువ్వు ఎన్ని కేజీలు ఎత్తావో ఒంట్లో ఏ కీలుకీ తెలీదు. దానికి తెలిసేది ఆ బరువు తన నుంచి ఎంత దూరంలో ఉంది, ఎంత సేపు ఉంది అన్నదే. దూరం, సేపు. మీ అమ్మగారి నడుం, నీ డెడ్‌లిఫ్ట్, మీ నాయనమ్మ కర్ర, అన్నీ ఈ రెంటిలోనే తేలిపోతాయి, కాస్త ఓపిగ్గా చదువు.

దూరం సంగతి ముందు. విజయనగరంలో ఉంటున్నావ్ కదా, పైడితల్లమ్మ సిరిమాను చూసే ఉంటావ్, దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం. 60 అడుగుల దాకా ఉండే చింత మాను, ఇరుసు దగ్గర బండికి బిగించి ఉంటుంది, చివర ఆసనం మీద పూజారిగారు. మొదలు వైపు కాస్త కిందకి దిగితే చాలు ఆ చివర పూజారిగారు మేడల ఎత్తుకి లేచిపోతారు. ఇరుసు నుంచి మొదలు దూరం తక్కువ, చివర దూరం ఎక్కువ, అందుకే చివరున్న ఒక్క మనిషిని లేపి నిలబెట్టడానికి మొదలు దగ్గర అంతకి ఎన్నో రెట్లు బలం కావాలి. గునపంతో బండరాయిని మీటడానికి ఇది సరిగ్గా తిరగేసిన లెక్క. గునపంతో మనం పొడుగు కొస పట్టుకుని తక్కువ బలంతో పెద్ద రాయిని కదుపుతాం. మన ఒంట్లో కండరాలకి ఆ అదృష్టం లేదు, దాదాపు అన్నీ సిరిమాను మొదలు వైపు పట్టుకుని లాగే బాపతే. ఈ సంగతి లెక్క కట్టి మొదట చూపించినాయన ఇటలీ ఆయన బొరెల్లి, 1600ల్లో మనిషి. అప్పటిదాకా కండరాలు తక్కువ బలంతో ఎక్కువ బరువు లేపుతాయనే పెద్ద పెద్దవాళ్ళు కూడా అనుకున్నారు.

ఇప్పుడు 2 లీటర్ల నీళ్ళ బాటిల్ పట్టుకుని మోచెయ్యి ఎల్ ఆకారంలో మడిచి ఉంచు, రెండో చేత్తో మోచేతి మడతలో వేలు పెట్టి నొక్కి చూడు. తాడులా బిగుసుకుని తగులుతుందే, అది నరం కాదు. మనవాళ్ళు కండ పట్టినా నరమే అంటారు, టెండన్ (కండని ఎముకకి కట్టే తాడు) లాగినా నరమే అంటారు, అసలు నరం నొక్కుకున్నా నరమే అంటారు, అందుకే మా పని డబుల్ అవుతుంది. అది బైసెప్స్ టెండన్, మోచేతి కీలుకి సుమారు 5 సెంటీమీటర్ల ముందు ఎముకకి అతుక్కుని ఉంటుంది. బాటిల్ ఉన్న అరచెయ్యి కీలుకి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అంటే 7 రెట్లు. 2 కేజీల బాటిల్‌కి ఆ తాడు లాగాల్సింది 14 కేజీలు. అదే బాటిల్‌ని మోచేతి మడతకి తగిలించుకుని నడువు, ఏమీ ఉండదు. పెళ్ళిళ్ళలో ఆడాళ్ళు హ్యాండ్‌బ్యాగు మోచేతికి ఊరికే తగిలించుకోరు.

దేవుడు ఇంత దండగ ఏర్పాటు ఎందుకు చేశాడయ్యా అంటే, బలం ఖర్చు పెట్టి వేగం కొనుక్కున్నాం. కండరం తన పొడుగులో మూడో వంతో సగమో తప్ప కుంచించుకోలేదు, నెట్టలేదు, లాగడమే దానికి తెలిసింది. కానీ కీలుకి అంత దగ్గర్లో అతుక్కుంది కాబట్టి అది ఒక్క సెంటీమీటర్ కుంచించుకుంటే అరచెయ్యి 7 సెంటీమీటర్లు కదులుతుంది. రాయి విసరగలిగేది, వాలీబాల్ స్మాష్ కొట్టగలిగేది, జారిపడబోతూ చటుక్కున పట్టుకోగలిగేది అందువల్లే.

సరే, నడుం. వెన్నుపూసలో కింద కొసకి దగ్గర్లో, బొడ్డుకి కొంచెం కింద ఎత్తులో ఉండే డిస్క్ (పూసకీ పూసకీ మధ్య ఉండే మెత్తటి దిండు) దగ్గర ఇరుసు ఉందనుకో. దానికి వెనకాల నిలువుగా రెండు తాళ్ళలా ఉండే కండరాలు మనల్ని లేపి ఉంచుతాయి. వాటికీ ఇరుసుకీ మధ్య దూరం మళ్ళీ 5 సెంటీమీటర్లే, అటూ ఇటూగా. మీ అమ్మగారు 50 కేజీలు అన్నావ్ కదా, అందులో ఆ ఇరుసుకి పైనున్న భాగం, తల, చేతులు, ఛాతీ, పొట్ట కలిపి సుమారు 30 కేజీలు. నిటారుగా నిలబడితే ఈ 30 కేజీలు ఇంచుమించు ఇరుసు మీదే కూర్చుంటాయి, కండరాలకి పెద్ద పనుండదు. ఉభాల్లో నేలకి సమానంగా వంగారనుకో, ఆ 30 కేజీల బరువు కేంద్రం ఇరుసుకి 30 సెంటీమీటర్లు ముందుకి వెళ్ళిపోతుంది. 30ని 30తో హెచ్చించి 5తో భాగించు, 180 కేజీలు. చేతిలో ఏమీ లేకుండా, ఉత్తినే వంగినందుకు, వెనక తాళ్ళు లాగాల్సింది 180 కేజీలు. ఆ లాగుడంతా డిస్క్‌ని నొక్కుతుంది.

ఇప్పుడు ఆకు కట్ట. 2 కేజీలు, భుజం కింద వేలాడుతుంది కాబట్టి ఇరుసుకి 40 సెంటీమీటర్లు అనుకో, దానివల్ల అదనంగా వచ్చేది 16 కేజీలు. చూశావా, అందరూ కట్ట బరువు గురించి మాట్లాడతారు, అది మొత్తంలో పదో వంతు కూడా లేదు. మీ అమ్మగారు మోస్తున్నది తన ఒంటినే.

ఇది కాగితం లెక్కే కాదు, మనిషి మీద కొలిచి కూడా చూశారు. స్వీడన్‌లో నాచెమ్సన్ అనే ఎముకల డాక్టరు 1960ల్లోనే మొదలెట్టాడు, 1999లో జర్మనీలో విల్కే వాళ్ళ బృందం ఒకాయన నడుం డిస్క్‌లోకి సన్న ప్రెషర్ సెన్సర్ దించి అన్ని పనులూ చేయించి కొలిచింది. పడుకున్నప్పుడు ఒత్తిడి 1 అనుకుంటే నిలబడితే 5, ఉత్తినే ముందుకి వంగితే 11, నడుం గుండ్రంగా వంచి 20 కేజీలు లేపితే 23, మోకాళ్ళు మడిచి ఒంటికి దగ్గరగా లేపితే 17. మోకాళ్ళు మడవడం వల్ల లాభం ఉంది గానీ జనం అనుకునేంత లేదు. అసలు లాభం మోకాళ్ళు మడవడంలో కంటే బరువుని ఒంటికి దగ్గరగా తెచ్చుకోవడంలోనే ఎక్కువ. వరండాలో ఉన్న పెద్ద తట్టకి అవతల నిలబడి మోకాళ్ళు మడిచి లేపితే తట్ట మోకాళ్ళకి అడ్డొచ్చి ఇంకా ముందుకి జరుగుతుంది, అప్పుడు మడిచినందుకు నష్టమే.

ఇక్కడ నాకు మా ఊళ్ళో ఒక పెద్దావిడ నేర్పిన సంగతి చెప్పాలి, ఇది నేను కాలేజీలో నేర్చుకోలేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక జట్టు ఆడాళ్ళు ఉభాలు వేస్తుంటే గట్టు మీద నిలబడి చూస్తున్నాను. కుర్ర పిల్లలు నలుగురైదుగురు నడుం కొడవలిలా వంచి రెండు చేతులూ గాల్లో వేలాడేసి వేస్తున్నారు. ఆ పెద్దావిడకి 65 ఉంటాయి, ఎడం మోచేతిని ఎడం తొడ మీద మోకాలికి కాస్త పైన ఆనించి, ఆ చేతిలోనే ఆకు కట్ట పట్టుకుని, బొటనవేలితో నాలుగు మొక్కలు తోస్తుంటే కుడి చెయ్యి అందుకుని టకటకా బురదలో గుచ్చేస్తోంది. వీపు బల్లలా చదునుగా ఉంది, వంపంతా తుంటి దగ్గరే. పది బారలు వెనక్కి వెళ్ళాక కాలు మార్చింది, కట్ట కుడి చేతిలోకి మారింది. నేను అడిగితే "ఆనుకోకపోతే ఎలాగ గుంటడా, నడుమేటి ఇనపదా" అంది.

ఆ ఆనుకోవడం ఖరీదు లెక్క కట్టు. మోచేతి మీద 10 కేజీల భారం వేసిందనుకో, ఆ భారం భుజం దగ్గర నుంచి దిగుతుంది కాబట్టి ఇరుసుకి 40 సెంటీమీటర్లు. ఇందాకటి 30ని 30తో హెచ్చించిన 900లోంచి 10ని 40తో హెచ్చించిన 400 పోయింది, మిగిలింది 500, దాన్ని 5తో భాగిస్తే 100 కేజీలు. 180 నుంచి 100కి దిగిపోయింది, పైసా ఖర్చు లేదు, పని ఆగలేదు. మందుల షాపులో వేలు పోసి కొనే బెల్టు ఇందులో సగం కూడా చెయ్యదు. మీ అమ్మగారు ఎడం మోచెయ్యి ఎక్కడ పెడుతున్నారో ముందు అది చూడు.

ఇప్పుడు సేపు. ఇక్కడో వింత ఉంది. మెల్లగా ముందుకి వంగుతూ పోతే నడుం కండరాలు ఒక దశ దాకా పని చేసి, పూర్తిగా వంగేసరికి చప్పుడు లేకుండా ఆగిపోతాయి. కరెంటు కొలిచే ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే గీత దాదాపు సాపుగా అయిపోతుంది. ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు 1950ల మొదట్లోనే దీన్ని చూపించారు. మరి ఆ 180 కేజీలు ఎవరు లాగుతున్నారు? కండరం చేతులెత్తేస్తే వెనకున్న లిగమెంట్లు, డిస్క్ వెనక గోడ ఆ లాగుడంతా మోస్తాయి. అందుకే వంగి ఉన్నంతసేపు పెద్దగా నొప్పి తెలీదు, పైగా హాయిగానే ఉంటుంది, లేవబోయినప్పుడు ప్రాణం పోతుంది. లిగమెంట్ అంటే ఎముకనీ ఎముకనీ కట్టి ఉంచే పట్టీ. నవారు మంచం లాంటిది. కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ బిగుస్తుంది, రోజంతా బరువు పెడితే జోలెలా దిగబడుతుంది, లేచిన వెంటనే బిగుతు రాదు. 20 నిమిషాలు పూర్తిగా వంగి ఉన్నవాళ్ళ మీద కొలిస్తే, లేచిన 2 నిమిషాలకి సాగినదాంట్లో సగమే వెనక్కొచ్చింది, అరగంటకి కూడా పూర్తిగా రాలేదు. ఆ సాగి ఉన్న టైంలో వెన్నుపూస కీళ్ళు కొంచెం వదులు, కండరాలకి కబురు కూడా ఆలస్యంగా అందుతుంది. సరిగ్గా అప్పుడే గట్టు మీదున్న ఆకు మోపు ఎత్తమంటారు.

నాకు సొంతంగా జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఎనిమిదేళ్ళ క్రితం శ్రీకాకుళంలో ఒక క్యాంపు చూసుకుని బండి మీద నెల్లిమర్ల వచ్చాను, రెండు గంటలకి దగ్గర, ముందుకి వాలి, నడుం గుండ్రంగా చేసుకుని. ఇంటి ముందు గ్యాస్ బండ దించేసి వెళ్ళిపోయాడు, నిండు బండ అంటే 30 కేజీలకి కాస్త తక్కువ. హెల్మెట్ కూడా తియ్యకుండా వంగి పట్టుకున్నాను, కటక్కుమంది, అంతే. గుమ్మంలోనే అలా పక్కకి ఒరిగిపోయి, మా ఆవిడ వచ్చి చూసి ముందు నవ్వింది, ఊళ్ళో అందరి నడుములూ బాగుచేసే మనిషి గ్యాస్ బండ పక్కన పడున్నాడు కదా. మూడు వారాలు పేషెంట్లకి కూర్చునే చెప్పాను. మామూలు రోజున ఆ బండని నేను ఒంటి చేత్తో లోపలికి తోసేస్తాను. ఆ రోజు తేడా బండలో లేదు, దానికి ముందు రెండు గంటల్లో ఉంది. బండి దిగి ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి, చేతులు నడుం మీద పెట్టి నాలుగుసార్లు వెనక్కి వాలి అప్పుడు పట్టుకుంటే ఏమీ అయ్యేది కాదు.

పొద్దున్న లేవగానే కూడా ఇలాంటి గొడవే, కాకపోతే కారణం వేరు. డిస్క్‌కి పెద్దయ్యాక నేరుగా రక్తం సరఫరా ఉండదు, స్పాంజిలా ఒత్తితే నీళ్ళు వదిలి, పడుకుంటే పీల్చుకుంటుంది. రాత్రంతా పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టే పొద్దున్న మనం సాయంత్రం కంటే ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ పొడుగ్గా ఉంటాం, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి చూసుకో కావాలంటే. నీళ్ళు నిండిన బుడగని వంచడం కష్టం కదా, ఆ మొదటి గంటలో వంగితే డిస్క్ మీదా లిగమెంట్ల మీదా పడే లాగుడు మామూలు కంటే ఎక్కువ. చీకట్లోనే లేచి పాచి పని, కళ్ళాపి, వెంటనే ఆకుమడిలో కూర్చుని ఆకు తియ్యడం, మీ అమ్మగారి రోజు ఇలాగే మొదలవుతుంది గావాల.

నీ డెడ్‌లిఫ్ట్ దగ్గరికొద్దాం, దాని గురించి అబద్ధం చెప్పను. 80 కేజీల బారు నేల మీద నుంచి కదిలే ఆ క్షణంలో నీ నడుం మీద పడేది మీ అమ్మగారి నడుం మీద పడేదానికంటే చాలా ఎక్కువ. బారు నీ ఇరుసుకి 30 సెంటీమీటర్లు ముందు, నీ పై ఒళ్ళు 40 కేజీలు 25 సెంటీమీటర్లు ముందు అనుకుంటే కండరాలు లాగాల్సింది 680 కేజీలు, అంటే దాదాపు నాలుగు రెట్లు. కానీ ఎంత సేపు? ఐదు సెట్లు, సెట్‌కి ఐదు, ఒక్కోటి మూడు సెకన్లు, మొత్తం 75 సెకన్లు. తర్వాత రెండ్రోజులు రెస్టు, గుడ్లు, నిద్ర. మీ అమ్మగారిది 180 కేజీలే గానీ రోజుకి ఏడు గంటలు, ఇరవై రోజులు, మధ్యలో రెస్టు అంటే అన్నం తినే అరగంట. ఎముకైనా కండరమైనా కాస్త బరువు పెట్టి టైమిస్తే గట్టిపడుతుంది. జర్మన్ సర్జన్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు, ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తన్ని తాను మళ్ళీ కట్టుకుంటుందని. బరువే లేని అంతరిక్షంలో ఉండేవాళ్ళకి తుంటి దగ్గర ఎముక నెలకి ఒక శాతం పైనే కరిగిపోతుంది. నెలసరి ఆగిపోయిన వయసు ఆడాళ్ళకి ఎముక ఎలాగూ పల్చబడుతుంది, కాబట్టి మీ అమ్మగారిని మంచాన పడుకోబెట్టడం మందు కాదు. టైమివ్వకపోతే మాత్రం అదే భారం అరగదీస్తుంది.

నీకు ఒక్క జాగ్రత్త. 80 కేజీల బారు ఒంటి నుంచి 10 సెంటీమీటర్లు ముందుకి జరిగితే నడుం మీద అదనంగా పడేది 160 కేజీలు. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కేజీలు లేపి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అంత బరువు లేపేవాళ్ళెవర్ని చూసినా బారు ఒంటికి అంటిపెట్టుకునే పైకొస్తుంది, తొడలు రాసుకుంటూ. మా పక్కనే కొండవెలగాడ ఉంది, లిఫ్టర్ల ఊరు, అక్కడి గుంటలకి మొదట్నుంచీ నేర్పేది అదే. నీ ప్యాంటు మీద మోకాళ్ళ కింద ముందువైపు బారు గీతలు పడకపోతే నువ్వు తప్పు చేస్తున్నట్టు లెక్క.

దూరం గురించే ఇంకోటి, మన పాతవాళ్ళ కావిడి. ఒక చేత్తో 16 కేజీల బకెట్ మోస్తే అది వెన్నుకి 25 సెంటీమీటర్లు పక్కన వేలాడుతుంది, పడిపోకుండా ఉండాలంటే రెండో పక్క కండరాలు 8 సెంటీమీటర్ల దూరం నుంచి 50 కేజీలు లాగాలి, బకెట్‌తో కలిపి వెన్ను మీద 66. అదే నీళ్ళు 8, 8గా రెండు చేతుల్లో పంచితే పక్కకి లాగేదేమీ లేదు, 16 కేజీలు 16గానే పడతాయి. కావిడిలో ఆ పంపకంతో పాటు ఇంకో సొగసుంది, వెదురు బద్ద ఊగుతుంది. మోసేవాడు నడిచే తీరు గుర్తుందా, చిన్న చిన్న అడుగులు, ఒక రకమైన పరుగు, బద్ద ఊపుకి అడుగు కలిపి. అలా ఊగే బద్దలతో మోసేవాళ్ళ మీద 1991లో రోజర్ క్రామ్ అనే అమెరికా ఆయన కొలతలు తీశాడు. ఆయాసం ఏమీ తగ్గదు గానీ ప్రతి అడుగుకీ భుజం మీద పడే దెబ్బ బాగా తగ్గుతుంది. బావి నుంచి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళకి నేను ఇప్పటికీ రెండు చిన్న బిందెలనే చెప్తాను, "ఒక్కసారికి అయిపోద్ది కదా" అని పెద్దదే ఒకటి చంకనెత్తుకుంటారు.

మీ నాయనమ్మ కర్ర గురించి చివర్లో అడిగావ్, కుడి తుంటి నొప్పైతే కర్ర కుడి చేత్తోనే కదా పట్టుకోవాలని. కాదు, ఎడం చేత్తో. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. కుడికాలి మీద నిలబడి ఎడంకాలు లేపినప్పుడు, ఆ కాలు బరువు తీసేస్తే 50 కేజీల మనిషికి మిగిలిన 42 కేజీలూ కుడి తుంటి కీలుకి లోపలివైపు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. బయటివైపు పిర్ర కండరాలకి ఉన్న దూరం 5 సెంటీమీటర్లే. కాబట్టి అవి 84 కేజీలు లాగాలి, ఒక పక్క కాడ పొట్టిగా ఉన్న తక్కెడలాగ, మొత్తం కీలు మీద 126 కేజీలు. ఎడం చేతి కర్ర మీద 5 కేజీలు ఆనిస్తే చాలు, అది కీలుకి 40 సెంటీమీటర్ల దూరం కాబట్టి ఆ 84 కాస్తా 44 అయిపోతుంది. అదే కుడి చేత్తో పట్టుకుంటే కర్ర కీలుకి పక్కనే ఉంటుంది, ఏ దూరమూ లేదు, ఊరికే చేతిలో కర్ర. మోకాలు నొప్పైనా ఇదే పద్ధతి, ఎదురు చెయ్యి.

మోకాళ్ళ గుజ్జు గురించి ఎక్కువ రాయను, దానికి వేరే ప్రశ్న పెట్టు. మెట్లు ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకి మూడు రెట్లు పైనే పడుతుంది. రామతీర్థం కొండ దిగినవాళ్ళకి మర్నాడు తొడలు పట్టేసేది ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బ్రేకు వెయ్యాలి, ఎక్కేటప్పుడు కుంచించుకుంటూ చేసే పని కంటే అలా సాగుతూ చేసే పనికే కండ ఎక్కువ నలుగుతుంది. ఒక్క కేజీ తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలికి 4 కేజీలు తగ్గినట్టు. గుజ్జుకి రక్తనాళాలు లేవు, నడిచి ఒత్తి వదిలితేనే దానికి తిండి. అంతకు మించి "గుజ్జు పెంచే" పొడుల మీద నాకు నమ్మకం లేదు.

ఎంఆర్‌ఐ గురించి భయపడుతున్నావ్ కాబట్టి ఒక్క మాట. రిపోర్టులో డిస్క్ అరుగుదల, బల్జ్ (డిస్క్ బయటికి ఉబ్బడం) అని రాశారన్నావ్. ఏ నొప్పీ లేని మనుషులకి స్కానులు తీసినవన్నీ కూర్చి 2015లో ఒక లెక్క వచ్చింది, 20 ఏళ్ళ వాళ్ళలోనే 30 శాతం మందికి బల్జ్ ఉంది, 80 ఏళ్ళకి దాదాపు అందరికీ డిస్క్ అరిగే ఉంది. తల నెరిసినట్టే అదీనూ. రిపోర్టు చదివి భయపడి కదలడం మానేసినవాళ్ళే నా దగ్గర ఎక్కువ కాలం తిరుగుతారు.

ఇప్పుడు మీ అమ్మగారు ఏం చెయ్యాలో. ఇంట్లో ముందు తుంటితో వంగడం అలవాటు చేయించు. ఒక నిలువు కర్ర వీపు మీద పెట్టి, తల వెనక, భుజాల మధ్య, ముడ్డిపూస, మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండగా వంగమను, ఏదో ఒక చోట కర్ర వదిలేస్తే నడుంతో వంగుతున్నట్టు. మోకాళ్ళు కొంచెం సడలించాలి, బురదలో అది కుదురుతుంది, కూర్చోనక్కర్లేదు. రెండు మూడు రోజుల్లో వస్తుంది, పెద్దవాళ్ళకి నీ కంటే తొందరగా వస్తుంది. మడిలో మోచెయ్యి తొడ మీద, పది పదిహేను నిమిషాలకి కాలు మార్పు. ప్రతి 20 నిమిషాలకీ నిటారుగా లేచి చేతులు నడుం మీద పెట్టి ఐదారుసార్లు వెనక్కి వాలాలి, అర నిమిషం పని, మేస్త్రీ తిడతాడంటే జట్టంతా ఒకేసారి లేవమను, అందర్నీ తిట్టలేడు. వంగి వంగి లేచిన మనిషి వెంటనే మోపు ఎత్తకూడదు, గట్టు మీద నిలబడి ఉన్న మనిషి ఎత్తాలి, ఇది జట్టులో మాట్లాడుకుంటే అయ్యే పనే. పొద్దున్న మొదటి గంట ఇల్లు ఊడ్చడం నువ్వు ఊరెళ్ళినప్పుడైనా నువ్వు చెయ్యి. ఉభాలు లేని రోజుల్లో వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు పైకి లేపడం, నాలుగు కాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం, రోజూ పది చొప్పున, జ్యేష్ఠంలో మొదలెడితే ఆషాఢానికి తేడా తెలుస్తుంది.

నొప్పి బిళ్ళలు మాత్రం సొంతంగా షాపులో కొని మింగించొద్దు. ఉద్దానం కథ మనకి తెలుసు కదా, అక్కడ కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంకా పూర్తిగా తేలకపోయినా, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగని ఒంటి మీద ఈ బిళ్ళలు పడితే కిడ్నీకి చేటని మాత్రం ఎవరైనా చెప్తారు. వేడి కాపడం, నడక, ఇవి చాలు మొదటి వారం. కానీ కాలు తేలిపోతున్నా, పాదం పైకి లేవకపోయినా, మలమూత్రాల దగ్గర మొద్దుబారినా, ఒంటేలు పట్టు తప్పినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా నేను రాసిందంతా పక్కన పెట్టి ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు, మర్నాటి దాకా ఆగొద్దు.

ఆదివారం ఊరెళ్తావుగా, అమ్మగారు మడిలో ఉన్నప్పుడు ఒక వీడియో తీసి పెట్టు. పక్క నుంచి తియ్యి, ముందు నుంచి తీస్తే నడుం వంపు కనపడదు.